స్నోమొబైల్ క్లచ్ బిగుసుకుందా? ఆ నూనె డబ్బాను ముందు అవతల పెట్టండి

నమస్కారం. మంచు మీద నడిచే బండి స్నోమొబైల్‌లో క్లచ్ పట్టేస్తే నూనె స్ప్రే కొట్టాలా వద్దా అన్న వాదన ఈ చలికాలమంతా మీరు వింటూనే ఉన్నారు కాబట్టి, నా మాట మొదటే చెప్పేస్తాను. ఒక్క చుక్క కూడా వేయకూడదు. నా చేతికొచ్చిన పట్టేసిన క్లచ్‌లలో ఎక్కువ వాటిని పాడుచేసింది ఎవరో మంచి ఉద్దేశంతో కొట్టిన ఆ నూనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కారణం వినండి. మన ఊళ్లలో తిరిగే గేర్లు లేని స్కూటర్లలోని బెల్టు ఏర్పాటే ఇందులోనూ ఉంటుంది. ఇంజన్ వేగం పెరిగే కొద్దీ ఇంజన్ తిప్పే ఇరుసు క్రాంక్‌షాఫ్ట్ మీది ప్రైమరీ (మొదటి) క్లచ్‌లో బరువులు విచ్చుకుని, కదిలే పళ్లేన్ని కదలని పళ్లెం వైపు నెట్టి, మధ్యనున్న బెల్టును నొక్కి పైకి ఎక్కిస్తాయి. యాక్సిలరేటర్ వదిలితే లోపలి స్ప్రింగు ఆ పళ్లేన్ని వెనక్కి తోసి బెల్టును వదిలించాలి. ఆ పళ్లెం జారేది పొడిగా పనిచేయడానికే పూత పూసిన బుష్‌ల మీద, అంటే గొట్టంలాంటి లోహపు తొడుగుల మీద. బెల్టు అరిగి రాలిన నల్లపొడికి నూనె తోడైతే అది జిగురు ముద్దగా మారి పళ్లేన్ని వెనక్కి రానివ్వదు. అప్పుడు బండి ఆగీ ఆగకుండా ముందుకు పాకుతుంది, లేదా బ్రేకు పట్టగానే ఇంజన్ ఆగిపోతుంది. అదే నూనె పళ్లెం ముఖానికి అంటితే బెల్టు జారి కాలిపోతుంది.

నేనుండేది స్నోమొబైల్ కంపెనీలు పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్ రెండూ పుట్టిన అమెరికాలోని ఉత్తర మిన్నెసోటాలో. అలాంటి చోట కూడా, పోయిన జనవరిలో నా బండికి కొత్త క్లచ్ వేయాల్సిందేనని ఒక మెకానిక్ మూత కూడా తీయకుండా తేల్చేసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంటికి తెచ్చి విప్పితే, మూత బుష్ చుట్టూ కాటుకలాంటి మడ్డి వేలి మందాన పేరుకుని ఉంది. పాత యజమాని వేసిన నూనె వాసన ఇంకా వస్తోంది.

మీరు చేయాల్సిన పరీక్ష చిన్నదే. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, బెల్టు మీది కవచం ఎత్తి, ప్రైమరీలో బెల్టును చేత్తో తిప్పి చూడండి. వదులుగా తిరిగితే మంచిదే, పళ్లేల మధ్య ఇరుక్కుని ఉంటే క్లచ్ పట్టేసినట్టే. అయితే ఐడిల్ బేరింగు (ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు బెల్టు ఆనే బేరింగు) ఉన్న క్లచ్‌లలో బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది కనుక వాటికి ఈ పరీక్ష చెల్లదు. కొలత తప్పిన బెల్టు వేసినా బండి ఇలాగే పాకుతుంది కాబట్టి ముందు బెల్టు నంబరు సరిచూసుకోండి. బెల్టు పూర్తిగా పైకి ఎక్కడం లేదన్న అనుమానం ఉంటే, పళ్లెం మీద లోపలి నుంచి అంచు దాకా మార్కర్‌తో ఒక గీత గీసి, కవచం మళ్లీ బిగించి, ఒకసారి పూర్తి వేగంతో నడిపి రండి. గీత ఎంతవరకు చెరిగిందో బెల్టు అంతవరకే ఎక్కింది. బెల్టు తీసేసి మాత్రం ఇంజన్‌ను రేజ్ చేయవద్దు, క్లచ్ అదుపు తప్పి పగిలిపోగలదు.

క్లచ్‌ను షాఫ్టు నుంచి ఊడదీయడానికి ఆ మోడల్‌కు సరిపోయే పుల్లర్, అంటే బయటికి లాగే పనిముట్టు, వాడండి. సుత్తితో కొట్టిన క్లచ్‌లు ఎన్నో వంకరపోయాయి. మూత ఏ స్థానంలో ఉందో ముందే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే అది బ్యాలెన్స్ చేసిన భాగం, గుర్తు తప్పితే వణుకు మొదలవుతుంది. లోపలి స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది కనుక మూత బోల్టులను చుట్టూ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ తీయాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు, వేడి నీళ్లు, మెత్తని పీచు చాలు. పూర్తిగా ఆరబెట్టి, బరువులు వాటి పిన్నుల మీద స్వేచ్ఛగా ఊగుతున్నాయా, ఆ బరువులు ఒత్తే రోలర్లకు చదును పడిందా చూడండి. బుష్ పూత పోయి కింద ఇత్తడి రంగు లోహం కనిపిస్తే ఆ బుష్ మార్చక తప్పదు. అంత తోమినా నా క్లచ్‌లోనూ ఒక బుష్ మార్చాల్సి వచ్చింది, మిగిలినదంతా పాతదే.

మళ్లీ బిగించాక మంచు మీద కొంత దూరం నడిపి, ఆపి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా బ్రేకు వదిలి చూశాను. బండి అంగుళం కూడా కదల్లేదు.