లాక్టిక్ యాసిడ్ మురుగు కాదు బాబాయ్, పంట కాలువ నీరు

[కాలువ గట్టు. కొబ్బరిచెట్టుకి ఆనించిన సైకిల్. కెమెరా కొంచెం ఊగుతోంది, గాలి అలా ఉంది మరి.]

నమస్కారమండీ. పోయిన ఆదివారం రావులపాలెం దాకా తొక్కి, అరటి గెలల లారీల పక్కన నిలబడి టీ తాగుతున్నాం. మాతో వచ్చే బాబాయ్ ఒకాయన తొడలు నొక్కుకుంటూ, "లాక్టిక్ యాసిడ్ పట్టేసిందిరా. రేపు ఇంకో ముప్పై కిలోమీటర్లు గట్టిగా తొక్కేస్తే చెమటలో పోద్ది" అన్నారు. పక్కనున్న నలుగురూ "ఆయ్" అన్నారు. నాకు ఆ టీ సహించలేదండీ. పెద్దాయన కాబట్టి అక్కడ ఏమీ అనలేదు. అందుకే ఈ వీడియో.

డెల్టాలో పుట్టినవాళ్లకి పంట కాలువకీ మురుగు కాలువకీ తేడా చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన ఊళ్లలో సగం గొడవలు ఈ రెండింటి మీదే. పంట కాలువ నీటి కోసం కొట్టుకుంటాం, మురుగు మా చేలోకి వదిలారని కొట్టుకుంటాం. ఈ లాక్టిక్ యాసిడ్, అదే లాక్టేట్, విషయంలో జనం చేస్తున్న తప్పు ఏంటంటే, పంట కాలువ నీటిని చూసి మురుగు అనుకోవడం. (యాసిడ్ అని కూడా అనకూడదు నిజానికి. ఒంట్లో అది దాదాపు అంతా లాక్టేట్ రూపంలోనే ఉంటుంది.)

ఇప్పుడు మీ తొడని ఒక ఆయకట్టు అనుకోండి. అందులో రెండు రకాల చేలు. ఎగువ చేలు అంటే వేగంగా పనిచేసే కండర తంతువులు. గట్టిగా తొక్కినప్పుడు ఇవి గ్లూకోజ్‌ని గబగబా విరగ్గొట్టి శక్తి తీస్తాయి. ఆ తొందరలో మిగిలేది లాక్టేట్. దిగువ చేలు అంటే నెమ్మది తంతువులు, మైటోకాండ్రియా (కణాల్లో ఇంధనం కాల్చి శక్తి తీసే పొయ్యిలు) దండిగా ఉన్నవి. ఎగువ చేలో మిగిలిన నీరు గట్టు దాటి దిగువ చేలోకి వస్తే ఆ రైతు ఏం చేస్తాడు? పండగ చేసుకుంటాడు. నెమ్మది తంతువులు ఆ లాక్టేట్‌ని పట్టుకుని ఇంధనంగా కాల్చేసుకుంటాయి. గుండె కూడా అంతే. మీరు గట్టిగా తొక్కుతున్నప్పుడు గుండెకి లాక్టేట్ మంచి తిండి.

కొంత నీరు కాలేయానికి వెళుతుంది. అక్కడ దాన్ని తిరిగి గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి వదులుతారు. ఇది పట్టిసీమ లాంటి ఎత్తిపోతల అన్నమాట. నీరు పైకి వస్తుంది, కానీ కరెంటు బిల్లు ఉంటుంది. ఈ దారి కనిపెట్టిన కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులకి 1947లో నోబెల్ వచ్చింది.

మరి ఇంత మంచి పదార్థానికి చెడ్డపేరు ఎలా వచ్చింది? కప్పల వల్ల. వంద, నూటపాతికేళ్ల కింద శాస్త్రవేత్తలు కప్ప కాలి కండరాన్ని కోసి, కరెంటు షాక్‌లు ఇచ్చి, అది అలిసిపోయాక చూస్తే లోపల లాక్టిక్ యాసిడ్ పేరుకుని ఉంది. ఓటో మైయర్‌హాఫ్, ఏ.వి. హిల్ అనే ఇద్దరికి కండరాల మీద పనికే 1922 నోబెల్ ఇచ్చారు. పెద్ద పనే, కాదనను. కానీ కోసేసిన కాలికి రక్తం ఎక్కడిది? చుట్టూ తూములన్నీ మూసేసిన మడిలో నీళ్లు నిలబడకేం చేస్తాయి? నీరు నిలబడింది, అలసటా వచ్చింది, కాబట్టి నీరే దొంగ అనేశారు. మనవాళ్లు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వాలింది, తాటిపండు పడింది. 1980ల్లో జార్జ్ బ్రూక్స్ అనే కాలిఫోర్నియా ప్రొఫెసర్ ఈ లాక్టేట్ ఒక చోట పుట్టి ఇంకో చోట ఖర్చవుతుందని గట్టిగా చెప్పేదాకా తాటిపండు నింద కాకి మీదే ఉంది. కోచ్‌లలో కొంతమందికి ఆ కబురు ఇంకా అందలేదు, శివారు భూములకి నీరు అందనట్టే.

ఇక మర్నాటి నొప్పి. రైడ్ అయ్యాక గంట, అటూ ఇటూగా లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. బాబాయ్ టీ తాగి ఇంటికెళ్లి స్నానం చేసేసరికే లేదు. మంగళవారం నొప్పికి ఆదివారం లాక్టేట్‌ని ఎలా పట్టుకుంటామండీ? అన్నవరం కొండ మెట్లు ఎక్కి దిగినవాళ్లని అడగండి. ఆయాసం ఎక్కేటప్పుడు, లాక్టేట్ పుట్టేదీ ఎక్కువగా అప్పుడే. కానీ రెండోరోజు మంచం దిగనివ్వనిది దిగిన మెట్లు. బరువు మోస్తూ కండరం సాగినప్పుడు లోపల సన్నసన్నగా దెబ్బతింటుంది, దానికి మరమ్మతు జరిగేటప్పుడు వచ్చేదే ఆ నొప్పి. అలవాటు లేని పని ఏది చేసినా అంతే. దాన్ని చెమటలో కడిగేయలేం. ఆ మర్నాడు మళ్లీ గట్టిగా తొక్కడం అంటే, గండి పూడ్చకుండా కాలువకి నీళ్లు వదలడం.

[ఇక్కడ బోర్డు మీద గీత. చేత్తో గీసిందే, క్షమించండి.]

అసలు ఉపయోగం ఇక్కడుంది. మెల్లగా తొక్కితే ఎగువ నుంచి వచ్చే నీరు తక్కువ, దిగువ చేలు హాయిగా తాగేస్తాయి. వేగం పెంచేకొద్దీ నీరు పెరుగుతుంది. ఒక చోటికి వచ్చేసరికి దిగువవాడు తాగలేడు, మడి నిండుతుంది, గట్టు మునుగుతుంది. ఆ చోటునే లాక్టేట్ థ్రెషోల్డ్ అంటారు. దాని కింద గంటల తరబడి తొక్కొచ్చు, దాటితే నిమిషాలే. అక్కడ తొడలు మండడానికి హైడ్రోజన్ అయాన్లు, ఫాస్ఫేట్ లాంటి అనుమానితులు చాలామంది ఉన్నారు, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

కాబట్టి మనం చేయాల్సింది నీరు ఆపడం కాదు. దిగువ చేల దాహం పెంచాలి, బోదెలు వెడల్పు చేయాలి. అంటే మైటోకాండ్రియా పెరగాలి, లాక్టేట్‌ని లోపలికి తీసుకెళ్లే ప్రోటీన్లు పెరగాలి, రక్తనాళాలు పెరగాలి. దీనికి ఎక్కువగా పనికొచ్చేది మెల్లగా, ఎక్కువసేపు తొక్కడం. మనవాళ్లకి అస్సలు నచ్చనిది కూడా అదే. పక్కన స్కూటీ మీద పిల్లలు దాటిపోతే పరువు పోయినట్టు ఫీలవుతారు.

ఎంత మెల్లగా అంటే, మాట్లాడగలిగినంత. కొలిచే మీటర్లు అక్కర్లేదు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే మీరు సరైన చోట ఉన్నట్టే. మాట్లాడకుండా ఉండలేని గోదారోళ్లకి ఇంతకంటే మంచి పరీక్ష ఎవరు కనిపెడతారు? స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్దస్థాయి ఆటగాళ్ల శిక్షణ చూసి చెప్పింది కూడా ఇదే. పది సెషన్లలో సుమారు ఎనిమిది తేలిగ్గా, రెండు గట్టిగా. మనవాళ్లు పదికి పదీ మధ్యరకంగా తొక్కుతారు. గట్టిదీ కాదు, తేలికదీ కాదు.

ఆ గట్టి రెండు ఎలాగంటే, ఎనిమిది నిమిషాలు గట్టిగా, రెండు మూడు నిమిషాలు మెల్లగా, నాలుగుసార్లు. ముందు పావుగంట ఒళ్లు వేడెక్కించండి. ఒక్కో మాట తప్ప వాక్యం రాకూడదు. వారానికి ఒకటి చాలు, అలవాటైతే రెండు.

టైమ్ అయిపోతోందని తమ్ముడు సైగ చేస్తున్నాడు. గబగబా.

మనకి కొండల్లేవని ఏడవకండి, గాలి ఉంది. గాలి లేని రోజు కూడా గంటకి 20 నుంచి 25 కిలోమీటర్లకి వెళ్లాలంటే, గాలిని చీల్చడానికి పెట్టే శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది, వేగానికి ఘనం లెక్క అది. మధ్యాహ్నం సముద్రం గాలి ఎదురైతే అదే మీ ఘాట్ రోడ్డు. వేగం చూడకండి, శ్రమ చూడండి.

ఉక్కపోత. మన దగ్గర చెమట కారిపోతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండకి అలవాటు పడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. ఏప్రిల్‌లో మొదటి వారమే రికార్డులు కొట్టొద్దు.

తిండి. గంటన్నర దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. మాంచి అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, అంటే గంటకి రెండు. పూతరేకులు కూడా పనిచేస్తాయి, జేబులో పొడైపోతాయి గానీ. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగానే ఉంది, ఉప్పు తక్కువ. చెమటలో నీటితో పాటు పోయేది ఎక్కువగా ఉప్పే, చిటికెడు కలపండి. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి.

చివర్లో పది నిమిషాలు మెల్లగా తొక్కితే లాక్టేట్ త్వరగా తగ్గుతుంది, నిజమే. మర్నాటి నొప్పి మాత్రం దాంతో తగ్గదు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎగువ చేను, దిగువ చేను అన్నాను గానీ, ఆ రెండు రకాల తంతువులూ ఒకే కండరంలో పక్కపక్కనే కలిసిపోయి ఉంటాయి. ఇంజనీర్లు కామెంట్లు పెట్టకముందే చెప్పేస్తున్నాను.

బాబాయ్, వీడియో చూస్తున్నారని తెలుసు. ఆదివారం ఐదింటికి బ్యారేజీ దగ్గర. ఎదురుగాలి వస్తే నా వెనక ఉండండి, కానీ మీ వంతు వచ్చినప్పుడు ముందుకి రావాలి.