మూడు కాళ్ల పిట్టను దిద్దకండి

అందరికీ నమస్కారం.

ప్రీస్కూల్లో పక్షుల పాఠం అనగానే చాలాచోట్ల పిట్ట ఆకారంలో ముందే కత్తిరించిన కాగితాలు పంచుతారు. పిల్లలు రంగు వేసి, దూది అంటిస్తారు. సాయంత్రానికి గోడ నిండా ఒకేలాంటి పిట్టలు. ఫొటోకి బాగుంటుంది. పక్షి గురించి పిల్లలకు తెలిసింది మాత్రం తక్కువే.

నన్నడిగితే ముక్కుతో మొదలుపెట్టమంటాను. బల్ల మీద పట్టకారు, చిల్లుల గరిటె, డ్రాపరు పెట్టండి. పక్కన గింజలు, నీళ్లలో తేలే ఆకు ముక్కలు, సన్నమూతి సీసాలో రంగునీళ్లు ఉంచండి. దేన్ని దేనితో తీయాలో వాళ్లే తేల్చుకుంటారు. గరిటెతో ఆకులు వడకట్టాక, బాతు కూడా తన చదునైన ముక్కుతో ఇదే పని చేస్తుందని చెప్పండి, ఇట్టే అర్థమవుతుంది. డ్రాపరు పట్టినవాళ్లకు తేనెపిట్ట ముక్కు సంగతి అంతే. ఆ తర్వాతే బంకమట్టి ఇవ్వండి. ముక్కు ఎలా ఉండాలని ఒకటే వాదులాట! ఆ గోల ఆపకండి.

ఇక ఈక. గట్టి రెక్క ఈకే కావాలి, మెత్తటి నూగు పనికిరాదు. అంచును వేళ్లతో చీల్చి, మొదలు నుంచి కొనవైపు నిమిరితే జిప్పు వేసినట్టు మళ్లీ అతుక్కుంటుంది. పోగుల మీద కంటికి ఆనని కొక్కేలుంటాయి. పక్షి ముక్కుతో ఈకలు సవరించుకునేది ఇందుకే. బయట ఏరినవి వద్దు, శుభ్రం చేసి అమ్మేవి వాడండి.

మైనపు క్రేయాన్‌తో బాతు గీసి, పైన నీటిరంగు పూయించండి. గీత మీద నీళ్లు నిలవవు. బాతు తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పట్టించుకుంటుందని చెప్పడానికి అదే అదను.

గూడు అల్లించడం మాత్రం కష్టం. గడ్డిపోచలు ఊడిపోతాయి, ఏడుపులూ ఉంటాయి. మగ గిజిగాడు ముక్కుతో, కాళ్లతో ముడులు వేస్తూ గూడు అల్లుతుందని అప్పుడు చెబితే నోళ్లు తెరుచుకుని వింటారు. నమూనా కోసమని చెట్టు మీది గూడు మాత్రం తేకండి.

మూడేళ్లలోపు పిల్లలకు పూసలు, అంటించే ప్లాస్టిక్ కళ్లు ఇవ్వకండి, మింగేస్తారు.

ఎవరైనా మూడు కాళ్ల పిట్టను చేస్తే దిద్దకండి. 'ఇది కొమ్మ మీద ఎలా కూర్చుంటుంది?' అని అడిగి, ఓ పుల్ల చేతికివ్వండి.

సరే, పక్క బల్లల మీద మట్టి తడిపి ఉంచాం. ఇక మీ వంతు, చొక్కా చేతులు మడుచుకుని రండి.