ఒలింపియా హెర్మెస్‌ను చెక్కినది ప్రాక్సిటెలీజేనా?

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రాచీన గ్రీకు విగ్రహం పక్కన ‘ఫలానా శిల్పి కృతి’ అన్న పేరు ఏ ఆధారంతో చేరుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. మేడమ్, ఏ విగ్రహంతో మొదలుపెడదాం?

అతిథి: గ్రీసులోని ఒలింపియాలో దొరికిన హెర్మెస్ దేవుడి విగ్రహంతోనండి. 1877 మే నెలలో జర్మన్ పురావస్తు బృందం అక్కడి హేరా దేవాలయంలో తవ్వకాలు జరుపుతుండగా, పసివాడైన డయోనైసస్ దేవుణ్ణి ఎడమ చేతిపై ఎత్తుకున్న హెర్మెస్ పాలరాతి విగ్రహం బయటపడింది. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పాసేనియస్ ఆ గుడిలోనే అలాంటి విగ్రహం ఉందనీ, అది ప్రసిద్ధ గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీజ్ పనితనమనీ రాసి ఉంచాడు. చోటూ కలిసింది, రూపమూ కలిసింది. గ్రీకు శిల్పాల విషయంలో ఇంతటి పొందిక చాలా అరుదు.

వ్యాఖ్యాత: అలాంటప్పుడు ఇంకా సందేహం దేనికండి?

అతిథి: ప్రాక్సిటెలీజ్ క్రీ.పూ. 4వ శతాబ్దం వాడు. పాసేనియస్ వచ్చేసరికి దాదాపు 500 ఏళ్లు గడిచిపోయాయి. పైగా రాయి చెప్పే సాక్ష్యం వేరుగా ఉంది. ముందువైపు ఒళ్లంతా అద్దంలా మెరుగుపెట్టిన ఆ విగ్రహానికి వీపు మీద మాత్రం ఉలి గాట్లు అలాగే మిగిలిపోయాయి. స్వయంగా శిల్పి కూడా అయిన కార్ల్ బ్లూమెల్ 1927లో ఆ గాట్లను పరిశీలించి, ఇది ప్రాక్సిటెలీజ్ కాలపు పద్ధతి కాదని వాదించారు. నడుముకూ పక్కనున్న చెట్టు మోడుకూ మధ్య ఆసరాగా వదిలిన రాతి కడ్డీ, కంచు విగ్రహాలకు రాతి నకళ్లు తీసినప్పుడు తరచు కనిపించేదే. హెర్మెస్ కాలి చెప్పు తీరు కూడా క్రీ.పూ. 4వ శతాబ్దం తర్వాతిదని పరిశోధకులు చూపించారు. నాకు అన్నిటికంటే గట్టి ఆధారంగా తోచేది ఈ చెప్పే, ఎందుకంటే పూర్వ శిల్పి శైలిని శ్రద్ధగా అనుకరించేవాడు కూడా తన కాలపు పాదరక్షను ఆలోచించకుండానే చెక్కేస్తాడు.

వ్యాఖ్యాత: అయితే పాసేనియస్ పొరబడ్డాడంటారా?

అతిథి: అలా అనలేమండి. ఆయన వాడిన ‘టెఖ్నె’ అనే గ్రీకు మాటకు పనితనం, కళ అనే అర్థాలున్నాయి, కనుక అది ఆయన స్వయంగా చెక్కాడనే చెప్పనక్కర్లేదు, ఆయన శైలినీ సూచించవచ్చు. పైగా ప్రాక్సిటెలీజ్‌ది శిల్పుల కుటుంబం. ప్రాక్సిటెలీజ్ తండ్రిగా చాలామంది భావించే కెఫిసోడోటస్, శాంతిదేవత చేతిలో సంపదల దేవుడైన పసి ప్లూటస్‌ను ఉంచి చేసిన విగ్రహం నకళ్లలో మనకు మిగిలింది, దాని కూర్పు హెర్మెస్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. ప్రాక్సిటెలీజ్ కొడుకులు కెఫిసోడోటస్, టిమార్కస్ కూడా శిల్పులే. మన ఇళ్లలో లాగానే అక్కడా తాత పేరు మనవడికి వచ్చేది, కనుక ‘ప్రాక్సిటెలీజ్’ అన్న పేరు తర్వాతి తరాల వాడిదీ కావచ్చు.

వ్యాఖ్యాత: మీ అభిప్రాయం ఏమిటి?

అతిథి: ఆ సంప్రదాయంలో శిక్షణ పొందిన తర్వాతి చేతి పని అనే వైపే నేను మొగ్గుతాను. 1887లో గ్రీసులోని మాంటినియాలో అపోలో దేవుడికీ, వేణువు వాయించే మార్సియస్‌కూ జరిగిన సంగీత పోటీని, మ్యూజ్ దేవతలను చెక్కిన పలకలు దొరికాయి. ప్రాక్సిటెలీజ్ చేసిన, అపోలో తల్లి లీటో, ఆమె బిడ్డల విగ్రహాల పీఠం మీద మార్సియస్ ఉన్నాడని పాసేనియసే రాశాడు గనుక, ఇవి ఆ పీఠానివేనని పండితులు భావిస్తారు. అయితే పీఠం పని శిష్యులకు అప్పగించి ఉండవచ్చు. దాని మీద నిలిచిన విగ్రహాలు మాత్రం దొరకలేదు. అవే దొరికి ఉంటే, హెర్మెస్ ముఖాన్ని వాటి పక్కన పెట్టి చూడగలిగేవాళ్లం.