ఒక్క పూట చూస్తే తెలిసేది కాదు

శ్రోతలకు నమస్కారం. కొత్త క్రీమ్ కొనగానే చాలామంది మోచేతి మడతలో కాస్త రాసి, ఒక పూట చూసి, ఏమీ కాలేదని ముఖానికి వాడేస్తారు. మంట పుట్టించే సరుకైతే అలా దొరికిపోతుంది. ఎలర్జీ మాత్రం దొరకదు.

ఎలర్జీ రెండు అంచెల్లో వస్తుంది. ముందు ఆ పదార్థం చర్మంలోని ప్రొటీన్లకు అతుక్కుంటుంది, రోగనిరోధక కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. పైకి ఏమీ కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడో మళ్లీ తగిలినప్పుడు, అదీ ఒకటి రెండు రోజులు ఆగి, దురద, ఎరుపు, చిన్న పొక్కులు మొదలవుతాయి. నెలల తరబడి వాడిన షాంపూయే ఉన్నట్టుండి పడకపోవడం అందుకే.

ఒకప్పుడు దీన్ని గినీ పందుల మీద, చిట్టెలుకల మీద పరీక్షించేవారు. ఇప్పుడు జంతువులు లేకుండానే మూడు విషయాలు చూస్తారు: పదార్థం ప్రొటీన్ ముక్కలకు అతుక్కుంటుందా, చర్మ కణాలు కలవరపడుతున్నాయా, రోగనిరోధక కణాలు మేలుకుంటున్నాయా. పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2021లో ఇచ్చిన మార్గదర్శకంలోని ఒక పద్ధతిలో, మూడింటిలో రెండు ఏది చెబితే అదే తీర్పు.

ఎలర్జీ కలిగిస్తుందని తేలినంత మాత్రాన పని అయిపోదు. చదరపు సెంటీమీటరు చర్మం మీద ఎంత పడుతుంది, కడిగేస్తామా, అలాగే ఉంచుతామా అన్నవీ లెక్కే. మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే ప్రిజర్వేటివ్‌నే తీసుకోండి. కడగకుండా వదిలేసే క్రీముల్లో యూరోపియన్ యూనియన్ దాన్ని నిషేధించింది. కడిగేసే వాటిలో 0.0015 శాతం దాకా ఒప్పుకుంది. ఇక ‘సహజం’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండటం నాకైతే నచ్చదు. నిమ్మజాతి నూనెల్లోని లిమోనీన్ తాజాగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయదు, గాలి తగిలి ఆక్సీకరణ చెందాకే ఎలర్జీ తెస్తుంది. తాజా నమూనాను మాత్రమే పరీక్షిస్తే అది బయటపడదు.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా చిక్కు. శ్వాసకోశ ఎలర్జీకి అందరూ ఒప్పుకున్న ప్రామాణిక పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకని అది స్ప్రేనా, పొడా, కణాలు ఎంత సన్నం, దానితో పనిచేసేవాళ్లకు ఏమైంది అని ఆరా తీయాల్సిందే. జుట్టు రంగు తీసే పొడుల్లోని పర్‌సల్ఫేట్లతో సెలూన్ పనివాళ్లకు ఆస్తమా వస్తుందని తెలిసింది అలాగే. అనుమానం ఉన్న పదార్థాన్ని స్ప్రేలో వాడనివ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. సెలూన్లలో పనిచేసేవారికి ఒక మాట: పనిరోజుల్లో దగ్గు, ఆయాసం ఎక్కువై సెలవుల్లో తగ్గుతుంటే, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పొడి డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.