రేసు నడుస్తుంటే రోడ్డు దాటేదెలా?

శ్రోతలకు నమస్కారం.

మనం రోడ్డును చెవులతో దాటుతాం. వింతగా అనిపిస్తే రేపు బజారుకు వెళ్ళినప్పుడు మిమ్మల్ని మీరే గమనించుకోండి. చేతిలో కూరల సంచితో రోడ్డు అంచున నిలబడతాం. ఆ వచ్చే హారన్ ఆటోదా, లారీదా, ఎంత దూరంలో ఉంది, ఇదంతా చెవే చెప్పేస్తుంది. కాలు కదులుతుంది. తల తిప్పి చూడడం ఆ తర్వాతి మాట. ఇన్నేళ్ళు ఏ దెబ్బా తగలకుండా తిరిగామంటే చాలావరకు చెవుల పుణ్యమే.

సైకిల్ రేసు రోజున మాత్రం ఈ చెవులను నమ్మకూడదు. సైకిల్‌కు చప్పుడుండదు. ఈ పది నిమిషాల్లో ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

ఈమధ్య మన దగ్గర ఆదివారం పొద్దున సైకిళ్ళ సందడి పెరిగింది. 2024 డిసెంబరులో కేంద్ర క్రీడల శాఖ ఫిట్ ఇండియా పేరుతో సైకిల్ కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడా ఇక్కడా కాలనీ సంఘాలు కూడా ‘మేమూ ఒక రేసు పెడతాం’ అంటున్నాయి. మా సంఘం సెక్రటరీగారైతే మొన్న ఇంటికే వచ్చి, ‘మీరు అమెరికాలో చూశారటగా, ట్రాఫిక్ సంగతి మీకే వదిలేస్తున్నాం’ అన్నారు. ఒక్కసారి చూసిన పాపానికి!

ఆ చూసిన కథ చెబుతాను.

న్యూజెర్సీలో పిల్లలున్న తల్లిదండ్రులకు బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడి గురించి చెప్పనక్కర్లేదు. దాని పొరుగునే సోమర్‌విల్ అని చిన్న ఊరుంది. ఆ ఊరి మెయిన్ స్ట్రీట్‌లో ఒకప్పుడు ఫ్రెడ్ కుగ్లర్ అనే ఆయనకు సైకిల్ షాపు ఉండేది. ఊళ్ళో రేసు పెట్టాలని ఆయన కోరిక. బహుమతుల కోసం ప్రజలు తిరిగే రోడ్ల మీద పందేలు కూడదని చట్టం అడ్డొచ్చిందట. అయితే ఇది రేసే కాదు, ‘టూర్’ అన్నాడట ఆయన. అలా 1940లో ‘టూర్ ఆఫ్ సోమర్‌విల్’ మొదలైంది. ఇలాంటి లౌక్యం మనకే సొంతమనుకునేదాన్ని.

మొదటి రెండేళ్ళు ఆయన కొడుకు ఫర్మన్ కుగ్లరే గెలిచాడు. మూడో ఏడు, 1942లో, కార్ల్ ఆండర్సన్ అనే కుర్రాడు గెలిచాడు. తర్వాత ఇద్దరూ యుద్ధానికి వెళ్ళారు. ఇద్దరూ తిరిగి రాలేదు. 1947లో రేసు మళ్ళీ మొదలైనప్పుడు ఆ ఇద్దరి పేర్లూ దానికి పెట్టారు. యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే మెమోరియల్ డే నాడే జరుగుతుంది. ఈ కథ చెబుతున్నప్పుడు మా అల్లుడి గొంతు కూడా కొంచెం తగ్గింది.

ఆ రోజు పొద్దున గుడికి వెళ్ళి, ప్రసాదం తీసుకుని సోమర్‌విల్ చేరాం. ఓ పక్క సందులో కారు పెట్టాడు మా అల్లుడు. అక్కడే పొరపాటు జరిగింది. రేసు సాగేది ఊరు దాటి ఎక్కడికో కాదు, అవే నాలుగైదు వీధుల చుట్టూ గుండ్రంగా తిరుగుతారు. పొద్దున్నుంచి రకరకాల పోటీలు, సాయంత్రంవేళ అసలు పోటీ. మా కారు ఆ గుండ్రం లోపల ఉండిపోయింది. మేమేమో వేడుక చూస్తూ బయటి వైపుకు వచ్చేశాం. మనవడి పాలసీసా కారులో ఉంది. వాడు ఏడుపు మొదలుపెట్టాడు.

సరే, నేను తెస్తానని బయల్దేరాను. రోడ్డు అంచుకు వచ్చి అలవాటుగా చెవి పెట్టాను. ఏ చప్పుడూ లేదు. అడుగు వేయబోయాను. పక్కనుంచి ఒక చెయ్యి అడ్డం వచ్చింది. నాకంటే పెద్దావిడ, మెడలో విజిల్. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టిందో లేదో, సర్రుమని గాలి! చీర కొంగు ఎగిరి భుజం మీంచి జారింది. యాభై అరవై సైకిళ్ళు మూరెడు ఎడంలో దూసుకుపోయాయి. అవి దాటాక వినిపించింది చప్పుడు, గింజలు జల్లెడ పట్టినట్టు సన్నగా.

పోయారు కదా అని మళ్ళీ అడుగు వేయబోయాను. మళ్ళీ అదే చెయ్యి. వెనకబడినవాళ్ళు ముగ్గురు వస్తున్నారు. వాళ్ళు కూడా పోయాక, ఆవిడ రోడ్డు పొడవునా ఒకసారి చూసి, అవతలి వైపున్న ఇంకో మనిషికి చెయ్యెత్తి, అతను కూడా ఎత్తాక, అప్పుడు నన్ను వెళ్ళమంది. ఆ ఇద్దరూ ఆ వీధివాళ్ళే. ఇంట్లోంచి మడతకుర్చీ తెచ్చుకుని పొద్దున్నుంచీ కూర్చున్నారు.

తర్వాత ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఆ రేసు 80 కిలోమీటర్లు, రెండు గంటలలోపే ముగిస్తారు. జోరు మీదున్న గుంపు గంటకు 45 కిలోమీటర్లు పోతుందనుకోండి, వంద మీటర్లు దాటడానికి 8 సెకన్లు చాలు. పది మీటర్ల రోడ్డు దాటడానికి నా మోకాళ్ళకు పన్నెండు సెకన్లు కావాలి. అంటే వంద మీటర్ల దూరంలో వాళ్ళు కనిపించేసరికే నాకు ఆలస్యమైపోయింది. పైగా చప్పుడుండదు.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగే రేసైతే ఇంత టెన్షన్ ఉండదు. టూర్ ద ఫ్రాన్స్‌లో 1910 నుంచీ అందరి వెనకా ఒక ‘చీపురు బండి’ నడుస్తోంది, ఇక తొక్కలేమన్నవాళ్ళను ఊడ్చుకుపోవడానికి. ఒకప్పుడు దానికి నిజంగానే చీపురు కట్టేవారట. అలాంటి రేసులో ఆ ఆఖరి బండ్లు పోయాయంటే మన వీధి మనకు వచ్చేసినట్టే. కాలనీ రేసు అలా కాదు. చిన్న చుట్టు. రెండు మూడు నిమిషాలకోసారి అదే గుంపు మళ్ళీ వస్తుంది. ‘పోయారుగా’ అనుకోవడమే ప్రమాదం.

అందుకే మా సెక్రటరీగారితో మిగతావన్నీ గబగబా మాట్లాడేశాను. చుట్టు లోపల ఇళ్ళున్నవాళ్ళు శనివారం రాత్రే కారు బయటి వీధిలో పెట్టుకోవాలి. పాలవాడికి, పేపరబ్బాయికి, నీళ్ళ ట్యాంకరుకు వారం ముందే చెప్పాలి. చర్చికి వెళ్ళేవాళ్ళు అడిగాకే టైము వేయాలి. అంబులెన్స్ వస్తే ఆగాల్సింది రేసు. కుక్కలకు రోజూ అన్నం పెట్టే రెండో వీధి పిన్నిగారు ఆ పొద్దున వాటిని పార్కు గేటు లోపలికి పిలవాలి, సైకిల్ కనబడితే మన కుక్కలు ఊరుకోవుగా.

ఒక్క చోట మాత్రం గట్టిగా పోట్లాడాను. ఆయన సందు మొదట్లో తాడు కడదామన్నారు. ససేమిరా వద్దన్నాను. తెల్లవారుజామున స్కూటర్ మీద వచ్చేవాడికి తాడు కనబడదు, మెడకు తగులుతుంది. బారికేడ్ పెట్టండి, దాని పక్కన మనిషిని పెట్టండి. ఆ మనిషి ఆ సందువాడే అయి ఉండాలి. ఎవరింట్లో పెద్దవాళ్ళున్నారో, ఏ పిల్లాడు గేటు తీసుకుని పరుగెడతాడో అతనికే తెలుస్తుంది. దాటడానికి రోడ్డుకు ఇటొకరు, అటొకరు. ఇద్దరూ చెయ్యెత్తితేనే దాటాలి. విజిల్ ఊదితే ఒకటే అర్థం, ఆగమని. ‘రండి రండి’ అనడానికి కూడా అదే విజిల్ ఊదితే జనం గందరగోళపడతారు. సైకిల్‌కు లేని చప్పుడును ఆ విజిల్ ఇస్తుంది, మన చెవులకు అలవాటైన పని దొరుకుతుంది.

‘అయితే విజిళ్ళు ఎన్ని కొనమంటారు?’ అన్నారు ఆయన. ఇద్దరం నడుచుకుంటూ సందులు లెక్కపెట్టాం. పదకొండు. సందుకు రెండు చొప్పున ఇరవై రెండు. పదో సందు దాకా మనుషులు దొరికారు. పదకొండోది మాదే. మడతకుర్చీ నా దగ్గర ఉంది. అవతలి వైపు కూర్చోవడానికి ఇంకొకరు కావాలి.

సెలవు. నమస్కారం.