కాంట్రాక్టర్ గొంతు, కొడుకు మాట
(నరసాపురంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నటుల కుటుంబాల గురించి మాట్లాడమన్నారు. మన సినిమాల్లో అలాంటి ఇళ్ళు బోలెడు. అన్నీ తిరిగొస్తే భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని ఒక్క ఇంటికే వెళ్దాం. రావు గోపాలరావుగారి ఇల్లు. ఆయన నుంచి కొడుకు రావు రమేష్‌కి దిగిన ఆస్తి మాట విరుపేనని నా వాదన.

గోపాలరావుగారు 1937 జనవరి 14న కాకినాడ దగ్గర పల్లెలో పుట్టారు. నాటకాల పిచ్చి. 'కీర్తిశేషులు' నాటకంలో ఆయన్ని చూసి ముచ్చటపడి సినిమా దారి చూపించింది ఎస్వీ రంగారావుగారు. గుత్తా రామినీడుగారి దగ్గర సహాయ దర్శకుడిగా పనిచేస్తూ వేషాలు వేశారు. 1969లో 'జగత్ కిలాడీలు'లో విలన్ వేషం దక్కింది. దక్కితే ఏం లాభం, ఈ గొంతు పనికిరాదని ఇంకొకరి చేత డబ్బింగ్ చెప్పించారు! ఆరేళ్ళు తిరిగేసరికి 'ముత్యాలముగ్గు' మాటలు ఎల్పీ రికార్డులుగా వచ్చాయి. పాటలు కాదండీ, మాటలు. అదే గొంతు కోసం జనం ఎగబడ్డారు.

ఆ సినిమా దర్శకుడు బాపుగారు మీ నరసాపురంలోనే పుట్టారు. మాటలు రాసిన ముళ్ళపూడివారిది ధవళేశ్వరం. అంటే గోదావరి పాయలుగా చీలే చోటివాడు రాస్తే, పాయ సముద్రంలో కలిసే చోటివాడు తీశాడు. ఆ యాస పలకడానికి మద్రాసులో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేకపోయింది.

అప్పటిదాకా విలనంటే గుడ్లురమాలి, పగలబడి నవ్వాలి. 'ముత్యాలముగ్గు'లో గోపాలరావుగారు వేసిన ఈ కాంట్రాక్టర్ పొద్దున్నే లేచి సూర్యోదయం చూసి మురిసిపోతాడు. ఆ ఎరుపులో వాడికి కనిపించేది మాత్రం హత్య. కళాపోషణ డైలాగు మీకందరికీ కంఠతా వచ్చు, నేను చెబితే పాడవుతుంది. ఆయన ఎలా పలికారో గమనించండి. వాక్యం మామూలు కబురులా ఎత్తుకుంటారు. నడుమ ఒక్క అచ్చు సాగదీస్తారు. అసలు మాట రాబోయే ముందు ఆగుతారు. కాంట్రాక్టర్ 'సెగట్రీ' అని పిలిచే సెక్రటరీకి చెమటలు పట్టేది ఆ ఆగిన చోటే. వక్క బుగ్గన పెట్టుకుని అరుగు మీద పొలం తగాదా తీర్చే పెద్దమనిషి మాటలా ఉంటుందది. వింటూ వింటూ ఉండగానే మన గట్టు పోతుంది.

1979లో 'వేటగాడు'. మాటలు జంధ్యాలగారివి, ఆయనా మీ ఊరివాడే. తమాషా ఏమిటంటే ఆయన పుట్టినరోజు కూడా జనవరి 14. ఊపిరి తిరగనివ్వని ప్రాసలు రాశారు. ఇంకొకరు చెబితే ప్రాస ఒక్కటే వినబడేది. గోపాలరావుగారు చెబితే దాని వెనక కూర్చున్న గడుసువాడు వినబడతాడు.

తర్వాతి వేషాల జాబితా మీకు తెలిసిందే. 'భక్త కన్నప్ప'లో పూజారి, 'అభిలాష'లో లాయరు. మధ్యలో రాజ్యసభ. 1994 ఆగస్టు 13న పోయారు. యాభై ఏడేళ్ళు, పోయే వయసు కాదు.

అప్పటికి కొడుకు తెర మీదే లేడు. తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించాడనడానికి వీల్లేదు. టీవీ సీరియళ్ళు చేసి, చిన్నా చితకా వేషాలు వేసి, 2008లో 'కొత్త బంగారు లోకం'లో లెక్చరర్‌గా జనం కళ్ళలో పడ్డాడు.

ఇక్కడ తల్లి సంగతి చెప్పాలి. అందరూ తండ్రి దగ్గరే ఆగిపోతారు. కమలకుమారిగారు హరికథా కళాకారిణి. హరికథంటే ఏమిటో కపిలేశ్వరపురం పాఠశాల ఉన్న ఈ సీమలో నేను వివరించక్కర్లేదు. ఒక్క మనిషే నిమిషంలో రాముడై, మరు నిమిషంలో కైకేయి అయి, మధ్యలో పిట్టకథ చెప్పి మళ్ళీ తాళంలో పడాలి. రమేష్ ఒకే సన్నివేశంలో వేళాకోళం నుంచి బెదిరింపులోకి, అక్కడి నుంచి బతిమాలుడులోకి జారుతుంటే నాకు గోపాలరావుగారి కన్నా ఆ తల్లే ఎక్కువ గుర్తొస్తుంది. ఒప్పుకోనివాళ్ళు తర్వాత పోట్లాడండి.

తండ్రిని అనుకరించి ఉంటే ఈయన మిమిక్రీ దగ్గరే ఆగిపోయేవాడు. తండ్రిది వాక్యాన్ని సాగదీసే పద్ధతి, కొడుకుది ముక్కలుగా విరిచే పద్ధతి. ఆగడం మాత్రం ఇద్దరిలోనూ ఉంది. 'ముకుంద'లో మునిసిపల్ చైర్మన్‌గా చూడండి. 'అఆ'లో భీమవరంలో పుట్టిన త్రివిక్రమ్ రాసిన వెటకారం ఆయన నోట వినండి. 2024లో 'మారుతీనగర్ సుబ్రమణ్యం'లో ఏకంగా కథానాయకుడే అయ్యాడు, అదీ ఉద్యోగం లేని మధ్యతరగతి మనిషిగా.

ఇప్పుడు తెర మీద రెండు సన్నివేశాలు వేస్తారు. ముందు తండ్రిది, తర్వాత కొడుకుది. మొదటిసారి బొమ్మ ఆపేసి మాట ఒక్కటే వినిపించమని ఆపరేటర్‌గారికి చెప్పాను. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వెనక వరసలవాళ్ళు కాస్త ముందుకు జరగండి.