ఇక్కడ రెండోసారి అడగరండీ!

హాయ్ అండీ, ఇక్కడ నెదర్లాండ్స్‌లో, మా ఆమ్‌స్టెల్‌వీన్ ఊళ్ళో పొద్దున్నుంచీ ముసురే. "మీ ఇరుగుపొరుగు గురించి చెప్పమ్మా" అని మా అత్తయ్యగారు అడుగుతున్నారు కదా, ఈ వీడియో ఆవిడ కోసమే.

ఇవాళ పక్కింటావిడ కాఫీకి పిలిచారు. పదిన్నరకంటే పదిన్నరకే వెళ్ళాలి, ఇక్కడ పద్ధతి అది. కాఫీ ఇచ్చి, రేకు డబ్బా మూత తీసి నా ముందు పెట్టారు. లోపల స్ట్రూప్‌వాఫెల్స్. రెండు పల్చటి పొరల మధ్య పాకం పెట్టిన బిస్కెట్టన్నమాట. వేడి కప్పు మీద మూతలా పెడితే ఆవిరికి పాకం మెత్తబడుతుంది. నేనేమో అలవాటుగా "వద్దండీ" అన్నాను. మనవైపు మొదటి వద్దండీని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా? ఆవిడ "సరే" అని డబ్బా మూసేశారు. టక్కుమని!

భయపడితే జంకు, కొత్తవాళ్ళ ముందు బిడియం, ఎటూ తేల్చుకోలేకపోతే సంకోచం. మొహమాటం అలా కాదు, కావాలని ఉన్నా ఎదుటివాళ్ళ కోసం వద్దనడం. దాన్ని వదిలించడానికి "మొహమాటపడకండి" అంటూ వెంటపడేవాళ్ళొకరు ఉండాలి. ఇక్కడ ఎవరున్నారు? మొహమాటానికి పోతే ఏమైందో ఆ సామెత మీకు తెలుసుగా, మామయ్యగారు చూస్తుంటారు, నేను చెప్పను.

డబ్బుల దగ్గరైతే మరీనూ. టిక్కీ అని ఒక యాప్ ఉంది, 2016లో వచ్చింది. మన వాటా ఇంత అని వాట్సాప్‌లో లింక్ పంపుతారు. మొన్న ఆఫీసులో ఒకమ్మాయి నా కాఫీకి డబ్బులిచ్చింది. ఎంత మంచిపిల్లో అనుకుంటూ సీట్లో కూర్చున్నానో లేదో, 2.80 యూరోలకి టిక్కీ! యూరోకి వంద చొప్పున వేసుకున్నా 280 రూపాయలు. కాఫీకి 280 ఏమిటని అడక్కండి అత్తయ్యా, ఇక్కడ ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా మెషీన్‌లో వేస్తేనే 15 సెంట్లు వస్తాయి, అంటే 15 రూపాయలు. ముందే మన దగ్గర వసూలు చేసిందే లెండి. మా వంటింట్లో సంచీ నిండా ఉన్నాయి, ఆగండి చూపిస్తా... ఇదిగో. మా ఆయన పడేద్దామంటారు, నేను ససేమిరా అంటాను.

ఏం చెబుతున్నాను? ఆఁ, టిక్కీ. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఇదే హాయి అనిపిస్తోంది, ఎవరికీ బాకీ ఉండం. కానీ ఒంట్లో బాగోలేని రోజున కూడా "వద్దండీ" అంటే వద్దనే అనుకుంటారు. అప్పుడు మాత్రం మా అమ్మ గుర్తొస్తుంది.

మన తెలుగువాళ్ళం కలిస్తే మళ్ళీ మామూలే. ఆదివారం ఎనిమిదిమందిమి హోటల్‌కి వెళ్ళాం. బిల్లు దగ్గర కాసేపు కుస్తీ పట్టి నేనే గెలిచాను. టిక్కీ పంపమని అందరూ అన్నారు. అందరికీ పంపాను, ఒక్క అక్కకి తప్ప. ఫోన్ తీస్తాను, 18 యూరోలని కొడతాను, చెరిపేస్తాను. అక్కా, వీడియో చూస్తున్నావా?